ఆరు తీగలపై నూటయాభై స్థానాలు: బేస్ గిటారు మెట్ల లెక్క

సంగీత బృందంలో అందరికంటే తక్కువ గుర్తింపు పొందే వాద్యం ఏదని అడిగితే బేస్ గిటారు అని నిస్సంకోచంగా చెప్పవచ్చును. పాట విన్న శ్రోతకు గాత్రం గుర్తుంటుంది, వేణువు గుర్తుంటుంది, వయొలిన్ గుర్తుంటుంది. అడుగున మంద్రస్థాయిలో నడిచే ఆ గంభీరనాదాన్ని ప్రత్యేకించి తలచుకొనేవారు అరుదు. 1980 దశకంలో ఇళయరాజా స్వరపరచిన తెలుగు చిత్రగీతాలను శ్రద్ధగా విన్నవారికి మాత్రం ఆ వాద్యం చేసే పని ఎంతటిదో విదితమే. అది ఆగిపోతే పాట పునాది లేని కట్టడంవలె తోస్తుంది.

ఇప్పుడు మన కాలనీలలో యువ ఉద్యోగులు, ఉద్యోగుల పిల్లలు పలువురు ఈ వాద్యాన్ని అభ్యసిస్తున్నారు. వారిలో కొందరి చేతిలో సాధారణమైన నాలుగు తీగల వాద్యానికి బదులు ఆరు తీగల వాద్యం కనబడుతున్నది. తీగలు పెరిగేకొద్దీ ఏ మెట్టుపై ఏ స్వరం ఉన్నదో జ్ఞాపకం ఉంచుకోవటం కష్టమవుతుందని వారి ఫిర్యాదు. ఈ కష్టంలో సగం లెక్కతోను, మిగిలిన సగం క్రమబద్ధమైన సాధనతోను తీరుతుందని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. నేను బేస్ గిటారు వాద్యకారుడిని కాను. వీణతో కొంత పరిచయం ఉన్నది. మెట్ల లెక్క ఏ ఇంజనీరుకైనా అందేదే.

ముందుగా వాద్య పరిచయం. అమెరికాలో రేడియోలు మరమ్మతు చేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే విద్యుత్ వాద్యాన్ని విపణిలోకి తెచ్చాడు. అంతకుముందు ఆ పని చేసినది మనిషంత ఎత్తుగల డబుల్ బేస్. దానికి మెట్లు లేవు. వయొలిన్‌వలె చెవితోనే స్వరస్థానాన్ని వెతుక్కోవాలి. ఫెండర్ వాద్యానికి మెట్లు ఉన్నాయి గనుక స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్ అనే పేరు అందుకే పెట్టారు. దాని నాలుగు తీగలు మంద్రం నుండి పైకి ఇ, ఎ, డి, జి. విశేషమేమంటే ఫెండర్‌కు గిటారు వాయించటం రాదు! వాడేవారి ఇబ్బందిని గమనించి యంత్రాన్ని రూపొందించటానికి ఆ యంత్రంపై స్వయంగా ప్రావీణ్యం ఉండనక్కరలేదని మన వృత్తిలోని వారికి వేరే చెప్పనవసరం లేదు.

1975లో ఆంథొనీ జాక్సన్ అనే అమెరికన్ వాద్యకారుని కోరికపై కార్ల్ థాంప్సన్ అనే వాద్యనిర్మాత ఆరు తీగల వాద్యాన్ని తయారుచేశాడు. పాత నాలుగు తీగలకు అడుగున బి, పైన సి చేరాయి. అడుగునున్న బి తీగ పౌనఃపున్యం 30.87 హెర్ట్జ్. 24 మెట్లున్న వాద్యంలో పై తీగ చివరి మెట్టు 523.25 హెర్ట్జ్. ఒకే మనిషి ఒడిలోని వాద్యం నాలుగు స్థాయిలకు పైగా విస్తరించినదన్నమాట.

ఇక మెట్టు తప్పితే కలిగే నష్టం సంగతి. పై వాద్యంలో ఒక స్వరం తప్పితే ఆ స్వరమే తప్పినట్లు వినిపిస్తుంది. బేస్‌లో తప్పితే మొత్తం బృందమే తప్పినట్లు వినిపిస్తుంది. కీబోర్డు వాద్యకారుడు సి, ఇ, జి స్వరాలను కలిపి వాయిస్తున్నాడనుకోండి. అడుగున బేస్ సి పలికితే అది సి మేజర్. అదే సమయంలో బేస్ ఎ పలికితే, పైనున్న మూడు స్వరాలూ మారకపోయినా, శ్రోతకు వినిపించేది ఎ మైనర్ సెవెంత్. వెలుగు నీడగా మారిపోతుంది. కీబోర్డు కళాకారుడు తన చేతివైపు చూసుకొని తానేమి తప్పు చేశానా అని తికమకపడతాడు.

మన సంగీతం నేర్చినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. వీణకు కూడ 24 మెట్లే. తంజావూరును పాలించిన రఘునాథ నాయకుని కాలంలో, 17వ శతాబ్ది పూర్వార్ధంలో, మెట్ల సంఖ్య అలా స్థిరపడినదని ప్రతీతి. వాయించే తీగలు నాలుగు గనుక వీణపై 96 మెట్టుస్థానాలు. అయితే వైణికునికి షడ్జమం ఎక్కడున్నదో ఒకసారి తెలిస్తే జీవితాంతం అది అక్కడే ఉంటుంది. గాయకుని శ్రుతి మారితే తీగలను బిగించి లేదా సడలించి కొత్త శ్రుతికి తెస్తాడు; మెట్టు పేరు మారదు. బేస్ గిటారులో తీగల శ్రుతి మారదు. పాట శ్రుతి మాత్రం ప్రతి పాటకూ మారవచ్చు. అందువల్ల షడ్జమమే మెట్లపై చోటు మార్చుకుంటుంది. అక్కడి ఎ, బి, సి అనే పేర్లు స్థిరమైన ఇంటి నంబర్ల వంటివి. మన స రి గ మలు ఆ ఇంట్లో కాపురముండే కుటుంబాల వంటివి. ఈ తేడా మనసుకు పట్టక వీణ వచ్చిన పిల్లలు సైతం బేస్ గిటారు వద్ద తడబడటం చూశాను.

ఒకే స్థానానికి రెండు పేర్లుండటం మాత్రం మనకు కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో 12 స్వరస్థానాలకు 16 పేర్లున్నాయి. చతుశ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే మెట్టు. పాశ్చాత్యులు సి షార్ప్ అన్నా డి ఫ్లాట్ అన్నా అదే రీతిలో ఒకే మెట్టు.

ఈ విషయాలన్నీ నేను ఆలోచించటానికి మా యూనిట్‌లోని ఒక శిక్షణార్థి కారణం. కళాశాల రోజులనుండి నాలుగు తీగల బేస్ వాయించిన ఈ అబ్బాయి ఉద్యోగంలో చేరాక ఆరు తీగల వాద్యం కొనుక్కున్నాడు. కాలనీ సంగీత బృందం ఒక వార్షిక కార్యక్రమానికి సాధన చేస్తున్నది. ఇంకా రెండు వారాల వ్యవధి ఉండగా, గాత్రానికి ఎత్తుగా ఉన్నదని పాడే ఆమె ఒక పాటను అరస్వరం దించమన్నది. కీబోర్డు అబ్బాయి ఒక మీట నొక్కి ఊరుకున్నాడు. ఎ మైనర్‌లో ఉన్న పాట జి షార్ప్ మైనర్ అయినది. అంతవరకు ఎ, డి, ఇ అనే మూడు ఆధారస్వరాలను మెట్టు పట్టకుండా ఖాళీ తీగలపై హాయిగా మీటుతున్న మన అబ్బాయికి ఆ మూడూ ఒక్కసారిగా జి షార్ప్, సి షార్ప్, డి షార్ప్ అయిపోయాయి. ఖాళీ తీగకు వెనుక మెట్టు ఉండదు గదా!

ఆ సాయంత్రం తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

“ఏమండీ, వీడు రోజూ ఆ పటం గోడకు అంటించుకొని ఎక్కాలు వల్లించినట్లు వల్లిస్తున్నాడు. వాద్యం చేతికి తీసుకుంటే మళ్ళీ మొదటికే వస్తున్నది. మీరైనా ఒక మాట చెప్పండి” అన్నారు తండ్రి.

“సార్, పేర్లు ఎందుకు? వేళ్ళ ఆకారం గుర్తుంటే చాలు, ఎక్కడికైనా జరుపుకోవచ్చని స్నేహితులంటున్నారు” అన్నాడు అబ్బాయి.

స్నేహితుల వాదనలో నిజం లేకపోలేదు. బేస్ గిటారు తీగల అమరిక అంతటా ఒకే విధంగా ఉంటుంది గనుక ఒక చోట నేర్చిన ఆకారం మరొక చోట అలాగే పనికివస్తుంది. మామూలు గిటారులో జి, బి తీగల మధ్య అంతరం మిగతావాటికంటే ఒక అరస్వరం తక్కువ. అందువల్ల అక్కడ ఆకారం చెదురుతుంది. బేస్‌లో ఆ బాధ లేదు. కాని ఆకారాన్ని జరపాలంటే ఎక్కడికి జరపాలో తెలియాలి. బృందనాయకుడు “రెండో చరణంలో ఎఫ్ షార్ప్ బాబూ” అని కేకవేస్తాడు గాని “ఏడో మెట్టు” అనడు. చిరునామా తెలియని ఉత్తరాల బంట్రోతుకు సైకిలు ఎంత బాగా తొక్కటం వస్తే ఏమి ప్రయోజనం?

ఇక లెక్కకు వద్దాము. ఒక్కొక్క తీగపై 24 మెట్లు, ఖాళీ తీగతో కలిపి 25 స్థానాలు. ఆరు తీగలకు 150. ఈ అంకె చూసి భయపడనక్కరలేదు. ఈ 150 స్థానాలలో వాస్తవంగా పలికే నాదాలు 50 మాత్రమే. ఒకే నాదం వేరువేరు తీగలపై, గరిష్ఠంగా ఐదు చోట్ల, దొరుకుతుంది. ఆ 50 నాదాలకు ఉన్న పేర్లు 12 మాత్రమే. పైగా 12వ మెట్టు వద్ద తీగ సగానికి తెగినట్లవుతుంది గనుక అక్కడినుండి పేర్లు మొదటినుండి పునరావృతమవుతాయి. అనగా నేర్వవలసినది మొదటి పన్నెండు స్థానాలే.

ప్రతి తీగా దాని క్రింది తీగకంటే ఐదు అరస్వరాలు పైన ఉంటుంది. ఈ ఒక్క నియమంలోనే మొత్తం పటం ఇమిడి ఉన్నది. బి తీగకు 0, ఇ తీగకు 1, ఎ కు 2, డి కి 3, జి కి 4, సి కి 5 అని సంఖ్యలు ఇచ్చుకోండి. తీగ సంఖ్యను 5తో హెచ్చించి మెట్టు సంఖ్యను కలపండి. వచ్చిన మొత్తాన్ని 12తో భాగిస్తే మిగిలే శేషం, బి నుండి ఎన్ని అరస్వరాలు పైకి లెక్కించాలో చెబుతుంది. ఉదాహరణకు డి తీగపై పదవ మెట్టు: 15కు 10 కలిపితే 25, 12తో భాగించగా శేషం 1, బి తరువాత ఒక అరస్వరం సి. ఈ రోజు సోమవారమైతే నూరు రోజుల తరువాత ఏ వారమని 7తో భాగించి చెప్పే చిన్ననాటి లెక్కకూ దీనికీ భేదం లేదు.

లెక్క సరే, వాద్యం పట్టుకొని భాగహారం చేయలేము గదా అన్నాడు అబ్బాయి. నిజమే. అందుకని అదే నియమాన్ని మరొక రూపంలో చూడాలి. ఏదో ఒక మెట్టుపై వేలు ఉంచి అడ్డంగా, మంద్రపు తీగనుండి పై తీగవరకు, పేర్లు చదువుతూ పోండి. ఖాళీ తీగలు బి, ఇ, ఎ, డి, జి, సి. మొదటి మెట్టు సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్. ఐదవ మెట్టు ఇ, ఎ, డి, జి, సి, ఎఫ్. ఇవన్నీ ఒకే హారంలోని ముక్కలు. ఆ హారం మొత్తం ఇది: బి, ఇ, ఎ, డి, తరువాత జి, సి, ఎఫ్, ఆపైన బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, చివరగా జి ఫ్లాట్, మళ్ళీ బి. పన్నెండు పూసలు. పూస అనటానికి ఇంకొక కారణం కూడ ఉన్నది. బి, ఇ, ఎ, డి అనే నాలుగక్షరాలను కూడబలుక్కుంటే వచ్చే ఆంగ్లపదం బీడ్, దాని అర్థం పూస. కనుక “పూస, జి సి ఎఫ్, ఫ్లాట్ పూస, జి ఫ్లాట్” అంటే పన్నెండూ వచ్చేస్తాయి. ఏ మెట్టు వద్దనైనా మంద్రపు తీగ పేరు ఒక్కటి తెలిస్తే, ఈ హారంలో అక్కడినుండి వరుసగా ఆరు పూసలు లెక్కపెట్టుకుంటే ఆ మెట్టు మొత్తం తెలిసినట్లే. నిలువుగా బి తీగపై పన్నెండు పేర్లు, అడ్డంగా ఈ హారం: కంఠస్థం చేయవలసినది ఇంతే.

దీనినే సరిచూసుకొనేందుకు మరొక ఉపాయం ఉన్నది. ఏ స్థానం నుండైనా రెండు తీగలు పైకి, రెండు మెట్లు ముందుకు వెళితే అదే పేరు, ఒక స్థాయి పైన, దొరుకుతుంది. సి అనే స్వరాన్ని తీసుకుంటే బి తీగపై 1వ మెట్టు, ఎ తీగపై 3, జి తీగపై 5. రెండవ వరుస ఇ తీగపై 8, డి తీగపై 10, సి తీగపై 12. ప్రతి స్వరానికీ ఇట్లే రెండేసి గొలుసులు. అబ్బాయి ఈ సంగతి విన్నవెంటనే కాగితం లాక్కొని మిగతా పదకొండు స్వరాలకూ గొలుసులు గీసుకున్నాడు. నాకు ముచ్చటవేసింది.

కొందరు మెట్ల మధ్య అక్షరాల స్టిక్కర్లు అంటించుకుంటారు. నా దృష్టిలో అది అనవసరం, కొంత హానికరం కూడ. కంటికి అక్షరం కనబడుతున్నంతకాలం మనసు దానిని గుర్తుపెట్టుకొనే శ్రమ తీసుకోదు. వాద్యం అంచున తయారీదారులే పెట్టిన చుక్కలు చాలును. అవి సాధారణంగా 3, 5, 7, 9, 12 మెట్ల వద్ద, పైన 15, 17, 19, 21, 24 మెట్ల వద్ద ఉంటాయి. ఎడమును బట్టి చేయి దానంతట అదే గుర్తుపడుతుందని అనుకోవటం కూడ సరికాదు. 34 అంగుళాల తీగపొడవుగల వాద్యంలో మొదటి మెట్టు ఎడము సుమారు 48.5 మిల్లీమీటర్లు. 12వ మెట్టు వద్దకు వచ్చేసరికి అది 25.7, చివరి మెట్టు వద్ద 12.8 మాత్రమే. ప్రతి మెట్టుకూ ఎడము ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది గనుక చేతికి ఒక కొలత అంటూ అలవాటు కాదు. పేరు, చుక్క, వేలు మూడూ కలిసి అలవాటు కావాలి.

లెక్కతో తీరేది ఇంతవరకే. నిమిషానికి 120 దెబ్బల నడకలో దెబ్బకు రెండు స్వరాలు వాయిస్తే ఒక్కొక్క స్వరానికి లభించే కాలం పావు సెకను. అంత వ్యవధిలో ఏ లెక్కా సాగదు. జవాబు ముందే చేతిలో ఉండాలి. మరి వల్లెవేయటమెందుకు ఫలించలేదు? అబ్బాయి ప్రతిరోజూ పటాన్ని ఒకే వరుసలో, మొదటినుండి చివరికి చదివాడు. అందువల్ల అతనికి వరుస వచ్చింది గాని స్థానం రాలేదు. ఏడో ఎక్కంలో తొమ్మిదేళ్ళు ఎంత అంటే మొదటినుండి చెప్పుకుంటూ వచ్చే పిల్లవానివలె అన్నమాట. మన వేదపండితులు జటాపాఠంలో రెండు పదాలను ముందుకు, వెనుకకు, మళ్ళీ ముందుకు చెప్పటం వెనుక ఈ ఎరుక ఉన్నదనిపిస్తుంది. వరుసను తలక్రిందులు చేసినా నిలిచే జ్ఞాపకమే జ్ఞాపకం. ఇక ఒకేసారి గంటలకొద్దీ బట్టీపట్టటంకంటే కొంత కొంతగా ఎడం పెట్టి నేర్చుకోవటం మేలని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తనపైనే ప్రయోగాలు చేసుకొని 1885లో ప్రకటించాడు.

కనుక మేము వేసుకున్న ప్రణాళిక చాల సాధారణమైనది. రోజుకు ఒక స్వరం. ఆ రోజు సి అయితే ఆరు తీగలపైనా సి ఎక్కడున్నదో, మెట్రోనోము నిమిషానికి 60 దెబ్బలతో నడుస్తుండగా, దెబ్బకు ఒకటి చొప్పున మీటాలి. పేరు పైకి పలకాలి. మనసులో అనుకుంటే చాలదు. తీగల వరుస పైనుండి క్రిందికి ఒకసారి, క్రిందినుండి పైకి ఒకసారి, ఆపైన చెల్లెలు ఏ తీగ చెబితే ఆ తీగ. ఉదయం పది నిమిషాలు, డ్యూటీనుండి వచ్చాక పది నిమిషాలు. మరునాడు హారంలోని తరువాతి పూస ఎఫ్, కాని ముందు నిన్నటి సి ఒకసారి సరిచూసుకోవాలి. పన్నెండు రోజులకు పన్నెండు స్వరాలు. చెల్లెలికి మొదట్లో ఇది ఆట. నాలుగు రోజులకు అన్నకంటే ముందు ఆమే మెట్టు సంఖ్య చెప్పేయసాగిందట.

ఇంటిలో సాధన చేసేవారు గమనించవలసిన సంగతి ఒకటున్నది. చిన్న స్పీకర్లు 30 హెర్ట్జ్ ప్రాంతపు నాదాన్ని సరిగా పలికించలేవు. 62, 93 హెర్ట్జ్ వంటి పై అనుస్వరాలు వినబడితే, లేని మూలస్వరాన్ని మన చెవే ఊహించుకుంటుంది. అందువల్ల బి తీగపై మెట్టు తప్పినా ఇంట్లో పట్టుబడదు. వేదికపై పెద్ద స్పీకర్ల వద్ద పట్టుబడుతుంది. బి తీగపై పట్టిన ప్రతి స్వరాన్నీ రెండు తీగల పైన, రెండు మెట్ల ముందున్న జంటస్వరంతో పోల్చి వినటం ఇందుకు మంచి మందు. చెవిఫోను పెట్టుకుంటే ఇరుగుపొరుగు కూడ సంతోషిస్తారు.

కార్యక్రమం నాటికి అబ్బాయికి హారం మొత్తం పూర్తయినది గాని ఎ ఫ్లాట్, డి ఫ్లాట్ వద్ద ఇంకా క్షణకాలం ఆలోచన పట్టేది. చిత్రమేమంటే ఆ పాటకు కావలసినవి ముఖ్యంగా అవే. జి షార్ప్, సి షార్ప్ అనే మారుపేర్లతో. చివరి మూడు రోజులు మిగతావన్నీ ప్రక్కనబెట్టి, ఆ రెంటితోపాటు పాటకు కావలసిన మూడవదైన డి షార్ప్‌ను కూడ రెండు పేర్లతోను సాధన చేయించాము. ఆ రాత్రి పాట జి షార్ప్ మైనర్‌లో నిలకడగా నడిచింది. పై సి తీగను అతడు ముట్టుకోలేదు, ముట్టుకోవలసిన అవసరమూ రాలేదు. ఆ తీగ పూర్తిగా స్వాధీనం కావటానికి మరో రెండు నెలలు పట్టింది.

ఇప్పుడతని కన్ను ఏడు తీగల వాద్యంపై పడినది. ఖర్చు సంగతి తండ్రీకొడుకులు తేల్చుకోవలసినది. లెక్క సంగతి అడిగితే మాత్రం, ఏడవ తీగను అడుగున చేర్చేవారు ఎఫ్ షార్ప్‌కు, పైన చేర్చేవారు ఎఫ్‌కు శ్రుతి చేస్తారు. ఎఫ్ షార్ప్ అంటే జి ఫ్లాట్, హారంలో బి కి ముందున్న పూస. దాని పౌనఃపున్యం 23.12 హెర్ట్జ్, మనిషి చెవికి వినబడే అవధికి కొద్దిగా పైన. ఎఫ్ హారంలో సి తరువాతి పూస. ఎటు చేర్చినా 25 కొత్త స్థానాలు, కొత్త పేరు ఒక్కటీ లేదు.